కప్పను కోస్తానన్నది నేనే

మునిరత్నం సార్ వాకిట్లో నిలబడి మా నాయన కేకలు వేస్తున్నప్పుడు నేను చెప్పవలసిన మాట ఒకటుంది. "సార్ బలవంతం చెయ్యలేదు నాయనా, నేనే అబద్ధం చెప్పి కోసినాను" అని. ఒక్క గుక్కలో అయిపోయే మాట. చెప్పలేదు. చెప్పలేకపోయాను అని రాసుకుంటే కొంచెం మర్యాదగా ఉంటుంది గాని అది నిజం కాదు. నా నోరేమీ పడిపోలేదు. చెబితే నాకు నష్టం, చెప్పకపోతే లాభం. కొట్టు మీద బతికే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆపాటి లెక్క నాకు అప్పటికే వచ్చు.

ఈ మధ్య తిరువళ్ళూరులో మా సంఘం హాల్లో మెడికల్ సీట్లు తెచ్చుకున్న పిల్లలకు సన్మానం చేశారు. నేను మందుల హోల్‌సేల్ వ్యాపారిని. అట్టపెట్టెలు దించి అట్టపెట్టెలు ఎక్కించడం తప్ప వైద్యానికీ నాకూ సంబంధం లేదు. అయినా "వైద్యరంగ ప్రముఖులు" అని పిలిచి వేదిక మీద కూర్చోబెడితే సిగ్గులేకుండా కూర్చున్నాను. మా నాయన స్నేహితుల్లో ఇంకా మిగిలినవాడు బియ్యం మండీ బాలయ్య మామ. సంఘానికి ఇప్పుడు ఆయనే పెద్ద. మంచి గురువు ఎంత ముఖ్యమో చెప్పడానికి మైకు పట్టుకుని ఆయన ఒక చెడ్డ గురువు కథ ఎత్తుకున్నాడు. "తిరుత్తణిలో ఒక వాత్తియార్ ఉండె. కప్పను ముట్టించనని మా ముందర మాటిచ్చి, మా పిల్లోని చేతనే కోయించినాడు. ఆ పిల్లోడు ఎవురో కాదు, ఇదో, ఈడ శాలువా కప్పుకోని కూర్చోనుండాడే, ఈయనే! మేమంతా వ్యాను మాట్లాడుకోని పోయి, ఆ వాత్తియార్‌ను నడివీధిలో కడిగేసి వస్తిమి." హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. శాలువా జారకుండా సర్దుకుని మరీ నవ్వాను. ఇంటికొచ్చాక అద్దంలో ఆ నవ్వు ముఖం ఇంకా అలాగే ఉన్నట్టనిపించి అసహ్యం వేసింది. ఇదంతా రాస్తున్నది ఆ అసహ్యం వల్లే, మంచితనం వల్ల కాదు.

తిరువళ్ళూరు బజారు వీధిలో కొట్టు వెనకే మా ఇల్లు. ముందు గదిలో ఇంగువ, ఎండుమిరప, గోనెసంచి కలిసిన వాసన. నడిమింట్లో మా అవ్వ పూజ, కర్పూరం. వెనక వంటింట్లో నెయ్యి కాగే వాసన. మా అవ్వకు కళ్ళు సరిగా కనబడవు గాని ముక్కు మాత్రం పోలీసు కుక్కకు ఉండాల్సింది. మూడో వీధిలో చేప వేగితే ఇక్కడ జపమాల పక్కన పెట్టి, ఆ వేయించేవాళ్ళ వంశాన్ని మొదటినుంచి ఎత్తుకునేది. మా నాయన జీవహింస మీద ఊరికి బోధలు చేసేవాడు. చీమ కనబడితే తొక్కకుండా పక్కకు ఊదేవాడు. అదే కొట్లో, ఆయన మోచేతి దగ్గరే, ఎలుకల మందూ బొద్దింకల పొడీ దోమబత్తులూ నిండుగా ఉండేవి. చావును అంత చక్కగా పొట్లాలు కట్టి అమ్మినవాడు ఆ బజార్లో ఇంకొకడు లేడు. ఆ సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అలాంటి ప్రశ్నలు అడిగే అలవాటు లేదు.

ఈ ఇంట్లోనే నన్ను డాక్టరును చెయ్యాలని తీర్మానమైంది. డాక్టరంటే వాళ్ళ దృష్టిలో తెల్లకోటు, మెడలో గొట్టం, వాకిట్లో రోగుల చెప్పులు. మధ్యలో ఎక్కడో రక్తం ఉంటుందనీ, అంతకుముందే ప్లస్ టూలో జువాలజీ ప్రాక్టికల్ ఉంటుందనీ, అందులో వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు కప్పను కోసి చూపించాలనీ ఎవరికీ తెలియదు. బయాలజీకి తిరుత్తణి మునిరత్నం సార్‌ను మించినవాళ్ళు లేరని బజారంతా చెప్పుకునేది. దాంతో మా వీధి పిల్లలమంతా సెలవు రోజుల్లో బస్సెక్కి, దారిలో కనకమ్మ సత్రం అనే ఊళ్ళో బస్సు ఆగితే బజ్జీల వాసన పీలుస్తూ, అవి తినకుండానే తిరుత్తణి చేరేవాళ్ళం. బజ్జీలు ఏ నూనెలో వేశారో అని అవ్వ భయం.

సార్ ఇల్లు కొండ కింద సందులో. ఆయనకు సర్కారు ఉద్యోగం రాలేదు. ప్రైవేటు స్కూలు వదిలేశాక ట్యూషనే జీవనం. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, స్కూల్లో పాఠం తమిళంలో జరిగేది, మాకు అర్థమయ్యేది మాత్రం సార్ తెలుగులో చెప్పినప్పుడు. "ముఖ్యమైన ప్రశ్నలు" అని ఎవడైనా నోరెత్తితే, "నీ ఒంట్లో ముఖ్యంగాని భాగం ఏదిరా? చూపించు, కోసేస్తాం" అనేవాడు. వరండా సిమెంటు నేల మీద సుద్దతో మంచమంత గుండె గీసి, మమ్మల్ని రక్తంగా అందులో నడిపించేవాడు.

"ఒరే, నువ్వు కాళ్ళ నుంచి వస్తాండే చెడ్డరక్తం. యాడికి పోవల్ల?"

"కుడి పైగదిలోకి సార్."

"పో. వీడు ఊపిరితిత్తుల్లో నుంచి వస్తాండాడు, మంచిరక్తం. ఎడమ పైగది. ఇప్పుడు ఇద్దరూ కిందికి దిగండి. ఏమైంది?"

"ఇద్దరం ఒకే గదిలో పడినాం సార్. ఇరుకుగా ఉండాది."

"అదీ కప్ప గుండె. మనిషికైతే కింది గదికీ నడుమ గోడ ఉండాది. కప్పకు లేదు. మంచీ చెడ్డా ఒకటే బిందె. దానికి మీ అవ్వ మాదిరి మడి తెలీదురా పాపం."

మేం పడీపడీ నవ్వేవాళ్ళం. సార్ భార్య మంగమ్మగారు లోపలి నుంచి మజ్జిగ తెచ్చి, సుద్ద గుండెను తొక్కకుండా చుట్టూ తిరిగి ఇచ్చేవారు. ఆ మజ్జిగ నేను ప్రతిసారీ తాగాను. వాళ్ళింట్లో నీళ్ళు కూడా ముట్టనని అవ్వకు ప్రతిసారీ చెప్పాను. అబద్ధం నాకు అప్పటికే ఇబ్బంది పెట్టని పని.

కప్ప సంగతి ఎలాగో బజారుకు తెలిసింది. మా నాయన, బాలయ్య మామ అరటిపళ్ళ అత్తం పట్టుకుని తిరుత్తణి వచ్చారు.

"సార్, మా పిల్లోళ్ళకు అన్నీ చెప్పండి. ఆ కప్ప ఒకటి మాత్రం వద్దు" అన్నాడు మా నాయన.

"శెట్టిగారూ, రేపు డాక్టరయితే మనుషుల్నే కోయల్ల గదా?"

"మనిషిని కోసేది బతికించేదానికి సార్. అది పుణ్యం. కప్పను కోసి ఎవుర్ని బతికిస్తాం?"

"మరి పరీక్షలో?"

"పరీక్షలో కోయమనేది గవర్నమెంటు. ఆ పాపం గవర్నమెంటుది. ట్యూషన్లో కోస్తే మనది."

ఇంత తెలివైన ధర్మశాస్త్రం సార్ అంతకుముందు విని ఉండడు. నవ్వు మింగి, "సరే. మీ నోటితో మీరు చెప్పేదాకా మీ పిల్లోళ్ళ చేత కప్పను ముట్టించను. ఇది నా మాట" అన్నాడు. గడప దగ్గర నిలబడి మంగమ్మగారు విన్నారు.

మాట ఇచ్చాడు గాని మమ్మల్ని వదిలెయ్యలేదు. మరుసటి వారం బజారు పిల్లలందరి ముందూ తలా ఒక అరటిపువ్వు పెట్టాడు. చిమటాతో ఒక్కొక్క రేకా ఎత్తి, కింది రేక మీద గీత పడకుండా కత్తెరతో తియ్యాలి. లోపలి చిన్నపూలలోంచి గట్టికాడను పువ్వు చిట్లకుండా లాగాలి. "తోలు ఎత్తేటప్పుడు కిందుండే నరం తెగగూడదు. ఇదే చెయ్యి, ఇదే ఓపిక. మీ ధర్మానికి ధర్మం, మీ అమ్మగారికి పొరియల్ కూర" అనేవాడు. ఇంకెవరైనా ఇంత తంటా పడేవారా? వేరే వాత్తియార్ అయితే ఒక బొమ్మ గీయించి చేతులు దులుపుకునేవాడు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నాకు ఆ అరటిపువ్వు అవమానంగా తోచింది. పెరట్లో తిరుత్తణి పిల్లలు మైనం పోసిన తట్టల్లో నిజం కప్పలను కోస్తూ, "డేయ్ వాళైప్పూ డాక్టర్, అరిటిపువ్వు డాక్టర్! ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి నీకు కప్ప ఇస్తే, పొరియల్ చేసి పెడతావా?" అని కేకలేసేవాళ్ళు. మిగతా బజారు పిల్లలు నవ్వి ఊరుకునేవాళ్ళు. నేను ఊరుకోలేదు. పౌరుషం నాకు తప్పుడు చోటే వచ్చేది.

ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాక ఒకరోజు అందరికంటే ముందు వెళ్ళి సార్‌తో చెప్పాను. "నాయన ఒప్పుకున్నాడు సార్. కోయమన్నాడు."

"శెట్టిగారా? ఆయన నోటితోనే చెప్పినాడా?"

"ఔను సార్. పరీక్ష వచ్చేసింది గదా, నేర్చుకోమన్నాడు."

"ఒరే అబ్బయా, నేను మాటిచ్చిన మనిషిని. మళ్ళీ అడుగుతాండా."

"మా అవ్వ మీద ఒట్టు సార్."

సార్ ముఖం విప్పారింది. శిష్యుడు దొరికినందుకు కాదు, ఒక తండ్రికి బుద్ధి వచ్చినందుకు. ఆ రోజు ఆయన నేర్పిన తీరు గురించి వెటకారంగా రాయడం నా చేతకాదు. సీసాలో క్లోరోఫాం దూదితో కప్పను నిద్రపుచ్చి, వెల్లకిలా తట్టలో పెట్టి గుండుసూదులు గుచ్చాక, నా మణికట్టు కింద తన వేలు ఆనించి, చెయ్యి వణికినప్పుడల్లా వేలితోనే చెప్పాడు. తోలు, కండ, ఎముక, ఆ కింద ఇంకా కొట్టుకుంటున్న గుండె. నేల మీద సుద్దతో గీసినదే. రక్తనాళాల కింద నల్లకాగితం ముక్క జరిపి, ఎగ్జామినర్‌కు స్పష్టంగా కనబడేలా చూపడం నేర్పాడు. "అరిటిపువ్వు చెయ్యి ఇది. చూడు, ఒక్క చుక్క కారలేదు" అన్నాడు. అది నా గొప్ప అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అవ్వ జపం ఆగింది. "ఏందిరా ఈ తియ్యటి కంపు? యాడికి పోయినావు?" అంది. కొట్టలేదు, బెదిరించలేదు, ఇంకో ప్రశ్న కూడా వెయ్యలేదు. నా నోట్లో మాట ముందే సిద్ధంగా ఉంది. "సార్ కప్పను కోయించినాడవ్వా. వద్దంటే ఇన్లేదు."

మరునాడు వ్యాను నిండా బజారు పెద్దలు తిరుత్తణికి కదిలారు. సాక్ష్యానికి నన్నూ ఎక్కించారు. సందులో జనం తలుపులు తీసి చూస్తుండగా మా నాయన, "మాటిచ్చి తప్పే నువ్వు గురువువా? పిల్లోని నెత్తిన పాపం పెడతావా?" అని అరిచాడు. బాలయ్య మామ, "ఇంక మా వీధి పిల్లోడు ఒక్కడూ నీ గడప తొక్కడు" అన్నాడు. సార్ వాళ్ళెవరినీ చూడలేదు. నన్ను చూశాడు. "ఏమబ్బయా?" అన్నాడు. అంతే. నేను నా చెప్పుల కేసి చూశాను. అప్పుడు సార్ మా నాయన వైపు తిరిగి, "సరే శెట్టిగారూ. కోయించింది నేనే. తప్పు నాదే" అన్నాడు. మంగమ్మగారు తలుపు చాటు నుంచి లోపలికి వెళ్ళిపోయారు.

కప్ప పాపం పోవడానికి అదే తిరుత్తణి కొండ మీద గుళ్ళో నాకు గుండు గీయించారు. ఆ గుండుతోనే ప్రాక్టికల్‌కు వెళ్ళి, గవర్నమెంటు ఖాతాలో ఇంకో కప్పను కోశాను. చెయ్యి వణకలేదు, చుక్క కారలేదు. ఎగ్జామినర్ నల్లకాగితాన్ని చూసి, ఎవరు నేర్పారని తమిళంలో అడిగాడు. "స్కూల్లోనే సార్" అన్నాను. ప్రాక్టికల్‌కు పూర్తి మార్కులు వస్తే, మా నాయన స్వామి దయ అని వీధంతా లడ్డూలు పంచాడు. కొడుకు ఆ చెయ్యి ఎక్కడ నేర్చాడని లడ్డూ తిన్నవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఇంతా చేసి ఫిజిక్స్‌లో చతికిలబడ్డాను, మెడికల్ సీటు రాలేదు. డాక్టరు కాలేదు గనుక డాక్టర్లకు మందులు అమ్మాను. అందులో బాగానే సంపాదించాను. అబద్ధం చెప్పినవాడికి శిక్ష పడుతుందని ఎవరైనా అంటే నా ఇల్లు వచ్చి చూడవచ్చు.

ఇప్పుడు తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా రోడ్డు పొడుగునా నీట్ కోచింగ్ ఫ్లెక్సీలే. పళ్ళన్నీ కనబడేలా నవ్వే పిల్లలు, వాళ్ళ కింద ర్యాంకులు. కప్ప పరీక్షలోంచే పోయింది. మంచిదే. నాకేమీ కప్పల మీద పగ లేదు. కాని ఈ పిల్లలు గుండెను కంప్యూటర్ తెర మీద తప్ప చూడరు. నాలుగు జవాబుల్లో ఒక గుండ్రం నింపడమే వాళ్ళకు జీవశాస్త్రం. ఫీజు కట్టే తండ్రులు మా నాయన కంటే తెలివైనవాళ్ళేమీ కాదు. ఆయనకు రక్తం లేని డాక్టరు కావాలి, వీళ్ళకు పాఠం లేని ర్యాంకు కావాలి. ఏ పాపమైనా ఇంకొకరి ఖాతాలో పడితే చాలు.

సన్మానం ముగిసిన వారానికి తిరుత్తణి వెళ్ళాను. సందు అదే, ఇల్లు అదే. ఎనభై దాటిన సార్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. గుర్తుపట్టాడు. మంగమ్మగారు కళ్ళజోడు సర్దుకుని ఎవరని అడిగితే, "తిరువళ్ళూరు శెట్టిగారి అబ్బయి. చెయ్యి మంచిది" అన్నాడు. ఆ రెండో మాట విన్నాక కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే చెప్పాను. మా నాయన ఒప్పుకోలేదనీ, నేనే అబద్ధం చెప్పి కోశాననీ, తర్వాత వాకిట్లో నోరు మూసుకున్నాననీ చెప్పాను.

సార్ కదల్లేదు. కదిలింది మంగమ్మగారు.

"ఏందీ? వాళ్ళ నాయన ఒప్పుకున్నాడని నువ్వు చెప్తే కోయించినాడా?"

"ఔనమ్మా."

ఆమె భర్త వైపు తిరిగారు. "అంటే నువ్వు మాట తప్పలేదా? ఇన్నేండ్లు నేను నిన్ను మాట నిలబెట్టుకోలేని మనిషివని ఎత్తిపొడిస్తినే! ట్యూషన్ మూతపడి గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో టైంకీపర్‌గా చేరి, ఆడ గది తీసుకోని హోటల్లో తింటాంటే, నీ నోటిదూల వల్లనే ఈ గతి అంటినే! ఒక్కనాడన్నా చెప్పకపోతివే?"

"ఊరుకో మంగా. అయిపోయింది."

"నీకు అయిపోయింది. నాకిప్పుడే గదా మొదలయ్యింది!"

ఆ రోజు ఎందుకు చెప్పలేదని నేను కూడా అడిగాను. సార్ నా చేతుల వైపు చూశాడు. "ప్రాక్టికల్ ముందర పెట్టుకోని, నడివీధిలో నిన్ను దొంగను చేస్తే, వణికే చేత్తో ఏం కోస్తావు? ఆ చెయ్యి నేర్పినోణ్ణి, నేనే పాడుచేసేదా? పరీక్ష అయినాక నువ్వే వచ్చి చెప్తావని అనుకుంటి. ఆ యేడు అనుకుంటి, పై యేడు అనుకుంటి. ఆమీట మానేస్తి." నేను కాళ్ళు పట్టుకోబోతే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "నాకు చెప్పేది సులువబ్బయా. నాకు తెలిసిందే గదా. తెలియనోళ్ళకు చెప్పు. వ్యానెక్కి వచ్చినోళ్ళకు."

"మీరు వస్తారా సార్, మా హాలుకు?"

"నేను యాడికీ రాను. నాకు ఇనేదేమీ లేదు."

"నాకుండాది. నేనొస్తా" అన్నారు మంగమ్మగారు.

ఆ నెల సంఘం సమావేశానికి ఆమెను కారులో తీసుకొచ్చాను. మొదటి వరసలో బాలయ్య మామ పక్క కుర్చీలో కూర్చున్నారు. కాఫీ ఇస్తే ముట్టలేదు. నేను మైకు దగ్గరికి వెళ్ళి కప్ప అనగానే వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. పాత కథ మళ్ళీ వినిపిస్తున్నాననుకున్నారు. ఆ కథ అబద్ధమని చెప్పాక నవ్వు తగ్గింది. బాలయ్య మామ చెయ్యి ఊపాడు. "చాల్లే రా! మీ నాయన పోయి ఎన్నేండ్లాయె, ఇప్పుడా ఆ కప్పను తవ్వేది? పెద్దోళ్ళను తప్పు చేసినోళ్ళను చేస్తావా? మైకు కాడుండే అబ్బయా, ఆపు, భోజనం పెట్టండి."

మైకు ఆపేశారు. వంటవాళ్ళు ఆకులు పరవడం మొదలుపెట్టారు. కొందరు లేచారు. నేను వేదిక దిగి, ఆమె కుర్చీ ముందుకు వెళ్ళి, మామకు కూడా వినబడేలా గొంతు పెంచాను.

"అమ్మా, సార్ మాట తప్పలేదు. మా నాయన ఒప్పుకున్నాడని ఆయనకు అబద్ధం చెప్పింది నేను. ఆయన బలవంతం చేసినాడని ఇంట్లో అబద్ధం చెప్పింది నేను. మీ ట్యూషన్ మూయించింది నేను. మీ చేత ఆయన్ను అన్ని మాటలు అనిపించిందీ నేనే. మామా, నువ్వూ ఇను, ఆ రోజు నడివీధిలో మీరు కడిగింది తప్పు మనిషిని. నన్ను క్షమించమ్మా. సార్‌కు చెప్పు, అందరి ముందరా చెప్పినానని."